తెలివిగల కట్టడములు

నల్లగొండ, మహబూబ్‌నగర్ సీమలలో మార్చి నెల మొదలు తొలకరి పడువరకు ఏ కట్టడమైనను ముందుగా ఎండతో పోరాడవలసియుండును. పూర్వము ఈ పోరాటమును మందమైన గోడయు, డంగుసున్నపు మిద్దెయు, వాకిటి వేపచెట్టును చేసెడివి. నేడు ఆ పనిని విద్యుచ్ఛక్తి చేయుచున్నది. బట్టల దుకాణము, బంగారపు దుకాణము, ప్రైవేటు దవాఖాన, లాడ్జి, ఫంక్షన్ హాలు, బ్యాంకు, వీనిలో ఏసీ లేని కట్టడము నానాటికి అరుదగుచున్నది. ఇట్టి వ్యాపార భవనములలో విద్యుత్తు ఎట్లు ఖర్చగుచున్నది, తమ స్థితిని తామే కనిపెట్టి సర్దుకొను ‘తెలివిగల’ భవనములవలన ఆ ఖర్చు ఎంతవరకు తగ్గును, ఆ తెలివి ఎచ్చట పనికివచ్చును, ఎచ్చట పనికిరాదు అనునవి నేటి ప్రసంగమునకు విషయములు.

ఈ చర్చ మహానగరముల వారిది, మనకేల అని కొందరు తలంపవచ్చును. కాని ఈ రెండు పాత జిల్లాలును విద్యుత్తును పుట్టించు జిల్లాలు. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరము యొద్దనున్న ప్రధాన జలవిద్యుత్కేంద్రపు సామర్థ్యము సుమారు 816 మెగావాట్లు. పాత మహబూబ్‌నగర్ జిల్లా అంచున, శ్రీశైలము ఎడమ గట్టున, కొండను తొలిచి భూగర్భమున నిర్మించిన కేంద్రపు సామర్థ్యము 900 మెగావాట్లు. జూరాల యొద్ద మరియొక జలవిద్యుత్కేంద్రము కలదు. ఇవి చాలక, నల్లగొండ జిల్లా దామరచర్ల మండలము వీర్లపాలెము యొద్ద ఒక్కొక్కటి 800 మెగావాట్లు గల 5 విభాగములతో, మొత్తము 4,000 మెగావాట్ల సామర్థ్యమునకు యాదాద్రి థర్మల్ విద్యుత్కేంద్రమును తలపెట్టిరి. జలాశయముల కొరకు ఊళ్లు మునిగినవి. థర్మల్ కేంద్రమున ఒక్క యూనిట్ విద్యుత్తు పుట్టుటకు అర కిలోకు పైగా బొగ్గు కాలును. ఎచ్చటనో ఒక అద్దాల భవనమున, మనుష్యులు లేని గదిలో ఏసీ తిరుగుచున్నచో, అందులకు కాలిన బొగ్గు పొగయు బూడిదయు కేంద్రము చుట్టునున్న పల్లెలకే మిగులును. పొదుపు అనునది బిల్లు కట్టువాని సొంత వ్యవహారము మాత్రమే కాదని దీనివలన తెలియుచున్నది.

మరియొక కారణము కూడ కలదు. ఈ సీమలు ఇప్పుడే కట్టుకొనుచున్నవి. 2016 అక్టోబరు 11న జిల్లాలను పునర్విభజించినపుడు సూర్యాపేట, భువనగిరి, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల జిల్లా కేంద్రములైనవి. 2019లో నారాయణపేట వానితో చేరినది. మహబూబ్‌నగరమున 2016లోను, నల్లగొండ, సూర్యాపేటలయందు 2019లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలైనవి. 2023 మే 6న మహబూబ్‌నగర్ చెంత దివిటిపల్లిలోను, అదే సంవత్సరము అక్టోబరు 2న నల్లగొండలోను ఐటీ టవర్లను ప్రారంభించిరి. కళాశాల వెంట దవాఖానలు, దవాఖానల వెంట లాడ్జీలు, వాని వెంట దుకాణములు వచ్చుట లోక సహజము. నేడు లేపిన గోడ 50 ఏండ్లు నిలుచును. ఆ గోడ పడమటి ఎండకు ఎదురుగా అద్దమై నిలిచినచో ఆ 50 ఏండ్లును దండుగ కట్టవలసినదే. పాత నగరములు కట్టిన తరువాత దిద్దుకొనుచున్నవి. కట్టకముందే దిద్దుకొను అవకాశము మనకున్నది.

ఏసీ వలదని చెప్పుట నా ఉద్దేశము కాదు. మేము మాటలాడు స్టూడియోకు కిటికీలుండవు. బయటి సద్దు లోనికి రాకుండ తలుపులు బిగించియుండును. అట్టి గదిలో ఏసీ లేక గడియసేపు కూర్చుండుట కష్టము. శస్త్రచికిత్సల గదికిని, మందుల నిలువకును చల్లదనము అవసరమే. ప్రశ్న ఏసీ ఉండవలెనా లేదా అని కాదు. అది ఎంత వేడిని తోడవలసి వచ్చుచున్నది, ఆ వేడిలో ఎంత భాగము మనము చేజేతులా తెచ్చిపెట్టినది అనునదే ప్రశ్న.

దుకాణములోనికి వేడి నాలుగు దారుల వచ్చును. కప్పునుండియు గోడలనుండియు దిగునది మొదటిది. అద్దముల ద్వారమున సూటిగా జొరబడు ఎండ రెండవది. దీపములు, కంప్యూటర్లు, ఫ్రిజ్‌లు పుట్టించునది మూడవది. మనుష్యులు తెచ్చునది నాలుగవది. ఊరక కూర్చున్న మనిషి దేహమునుండి సుమారు 100 వాట్ల వేడి వెలువడుచుండును. దుకాణమున 50 మంది నిండినచో వారి దేహముల వేడియే దాదాపు 5 కిలోవాట్లు. ఒకటిన్నర టన్ను ఏసీ ఒకటి ఆ వేడిని తోడుటకే సరిపోవును. టన్ను అను ఈ కొలత మంచుగడ్డల కాలము నాటిది. అమెరికా లెక్కలోని ఒక టన్ను మంచు 24 గంటలలో కరగుచు పీల్చు వేడికే ఒక టన్ను చల్లదనమని పేరు. మనుష్యులు తెచ్చు వేడిని వ్యాపారి వలదనలేడు. తక్కిన మూడింటిని తగ్గించుకొనుట అతని చేతిలోని పని.

అందులో కప్పు ముఖ్యము. మన ఊళ్లలో దుకాణములు ఎక్కువగా ఒకటి రెండు అంతస్తులవి. దినమెల్ల ఎండను మోయునది వాని కప్పే. హైదరాబాదు ప్రాంతమున కప్పులపై కొలతలు తీసిన పరిశోధకులు 2012లో తమ ఫలితములను ప్రకటించిరి. నల్లని కప్పునకు తెల్లని పూత వేసినచో చల్లదనమునకగు విద్యుత్తు 14 నుండి 26 శాతము వరకును, పూతలేని కాంక్రీటు కప్పునకు వేసినచో 10 నుండి 19 శాతము వరకును తగ్గునని వారు తేల్చిరి. ఇందులో కంప్యూటరు లేదు, తీగ లేదు. వేసవికి ముందు మిద్దెపై సున్నము కొట్టు మన పెద్దల అలవాటునకు ఇది శాస్త్రము వేసిన ముద్ర. తెలంగాణ ప్రభుత్వము 2023 ఏప్రిల్‌లో ప్రకటించిన చల్లని కప్పుల విధానము ప్రభుత్వ, వాణిజ్య కట్టడములన్నింటికిని, 600 చదరపు గజములును అంతకు మించియు స్థలము గల నివాసములకును ఇట్టి కప్పును తప్పనిసరి చేసినది.

కప్పు తరువాత నీడ. ఆలంపురమున చాళుక్యులు కట్టించిన నవబ్రహ్మ ఆలయములను చూచినవారికి రాతి జాలకములు జ్ఞాపకముండును. రాతిని తొలిచిన ఆ కిటికీలు వెలుతురును లోనికి రానిచ్చుచు ఎండను ఆపును. ఈ జాలకపు కిటుకునే మన కాలపు శిల్పులు హైదరాబాదు కొత్తగూడలో మరల వాడిరి. భారత పారిశ్రామిక సమాఖ్య, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము, గోద్రెజ్ సంస్థ కలిసి నిర్మించిన సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ను 2004 జూలై 14న అప్పటి రాష్ట్రపతి ఏ.పి.జె. అబ్దుల్ కలాం ప్రారంభించిరి. దాని శిల్పి కరణ్ గ్రోవర్. లీడ్ అను అమెరికా ప్రమాణమున అత్యున్నతమగు ప్లాటినం శ్రేణిని అమెరికా వెలుపల పొందిన తొలి కట్టడమది. నడుమ ముంగిలి, చుట్టును గుండ్రముగా గదులు, ఎండ తగులు తావుల జాలీ గోడలు, కప్పుపై పచ్చిక, గాలిని ముందుగా కొంత చల్లబరచి యంత్రమునకు అందించు రెండు గాలిగోపురములు, ఇవి దాని విశేషములు. నడిమి ముంగిలిని ఎరిగిన మన మండువా ఇండ్లవారికి ఇందులో ఆశ్చర్యపడవలసినది తక్కువ. యంత్రమునకు పని చెప్పకముందే కట్టడము తన పని తాను చేయవలెనన్నదే ఆ భవనము నేర్పు పాఠము.

ఇంక యంత్రపు తెలివిని గూర్చి చెప్పెదను. ఈ ఆలోచన క్రొత్తది కాదు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రపు వైట్‌వాటర్ పట్టణమున, ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చు కళాశాలలో వారెన్ జాన్సన్ అను ఆచార్యుడుండెను. శీతకాలమున పనివాడు తరగతి గదులకు వచ్చి, వేడి ఎక్కువైనదో తక్కువైనదో చూచుకొని, నేలమాళిగకు పోయి వేడిగాలి తూములను సవరించెడివాడు. పాఠమునకు అంతరాయము కలుగుచుండెను. అందుచే జాన్సన్ గదిలోని ఉష్ణోగ్రత మారగానే క్రిందనున్న పనివానికి గంట మ్రోగించి తెలుపు విద్యుత్ సాధనమును కల్పించి, 1883లో దానికి పేటెంటు పొందెను. మొదటి తెలివిగల సాధనము మనిషిని తొలగించలేదు; ఏ గదిలో ఏమి జరుగుచున్నదో మనిషికి తెలిపినది. ఈ మాటను శ్రోతలు గుర్తుంచుకొనగోరెదను.

నేటి తెలివిగల భవనమునకు మూడు అంగములు. మొదటివి ఇంద్రియములు, వీనిని సెన్సర్లందురు. ఒక సెన్సరు ఉష్ణోగ్రతను, ఒకటి గాలిలోని తేమను, ఒకటి వెలుతురును కొలుచును. మనిషి దేహపు వేడిని పసిగట్టి గదిలో ఎవరైన ఉన్నారా లేరా అని చెప్పునది ఒకటి. మనము విడుచు బొగ్గుపులుసు వాయువును కొలిచి, జనము ఎంత క్రిక్కిరిసినది ఊహించునది మరియొకటి. రెండవ అంగము బుద్ధి. ఈ కొలతలన్నియు చేరు కంప్యూటరు. మూడవది చేతులు, కంప్యూటరు ఆజ్ఞను పాటించి నీటి కవాటములను త్రిప్పునవి, గాలి తూములను మూయునవి, మోటార్ల వేగమును మార్చునవి.

వీని ప్రయోజనము ఫంక్షన్ హాలును చూచినచో స్పష్టమగును. ముహూర్తములున్న దినములలో వేయిమంది నిండుదురు. మూఢము వచ్చినచో హాలు వెలవెలబోవును. బతుకమ్మ, దసరాలకు బట్టల దుకాణమున నిలువ చోటుండదు. తక్కిన దినముల మధ్యాహ్నమున పనివారే మిగులుదురు. కాని ఏసీని ఎల్లప్పుడును నిండు జనమునకు లెక్కకట్టి అమర్చెదరు. జనము పలుచనైనపుడు బయటి వేడిగాలిని అంతగా లోనికి పీల్చి చల్లబరచనక్కరలేదు. ఆ సంగతి యంత్రమునకు చెప్పువారు లేకున్నచో అది పీల్చుచునే యుండును. చెప్పుటయే సెన్సరు పని.

మోటారు విషయమున ప్రకృతి మనకొక గొప్ప రాయితీ ఇచ్చినది. గాలిని తోలు పంకా వేగమును 100 నుండి 80కి తగ్గించినచో దానికి కావలసిన శక్తి 80కి కాదు, సుమారు 51కి పడిపోవును. వేగమును సగము చేసినచో శక్తి ఎనిమిదవ వంతునకు దిగును. వేగమునకును శక్తికిని ఉన్న సంబంధము ఘనపు సంబంధమగుటయే దీనికి కారణము. పంకాను పూర్తి వేగమున తిప్పుచు తూమును సగము మూయుట, నిండు వేగమున పోవు బండికి బ్రేకు నొక్కిపట్టుట వంటిది. అవసరమును బట్టి వేగము మార్చు సాధనము తెలివిగల భవనమునకు ముఖ్యమైన చేయి.

ఈ మాటలన్నియు కాగితముపైననే కాక, నిజముగ ఫలించునా అని అడుగవచ్చును. దీనికి సమాధానము పాత నల్లగొండ జిల్లా పొలిమేరలోని బీబీనగరమునకు ఇవతల, ఘట్‌కేసర్ సమీపమున, పోచారములోనున్న ఇన్ఫోసిస్ ఆవరణమున దొరకును. 2011లో అచ్చట పనిచేయ మొదలుపెట్టిన ఒక భవనమును రెండు సమాన భాగములు చేసిరి. గోడలు, అద్దములు, దీపములు, ఉద్యోగుల సంఖ్య రెంటికిని ఒక్కటే. ఒక సగమును మంచి రకపు సాధారణ గాలి పద్ధతిని చల్లబరచిరి. రెండవ సగమున కాంక్రీటు కప్పులలోనే గొట్టములను పరచి చల్లని నీటిని పారించిరి. నీరు అంతే ఘనపరిమాణము గల గాలికంటె 3,000 రెట్లకు మించి వేడిని మోయగలదు. కావున వేడిని తోలుటకు పెద్ద పంకాలు అక్కరలేదు. రెండేండ్లు లెక్క చూచి, 2014లో ఆ ఫలితములను ఇంజనీర్ల పత్రికలో ప్రకటించిరి. నీటి పద్ధతిగల సగము రెండవ సగముకంటె సుమారు మూడవ వంతు తక్కువ విద్యుత్తును వాడినది. కట్టుటకైన ఖర్చు మాత్రము ఎక్కువ కాలేదు.

ఈ ప్రయోగమున గొట్టములకంటె నాకు గొప్పగా తోచినది మరియొకటి. రెండు సగములకును వేరు వేరు మీటర్లుండెను. ఆ మీటర్లే లేకున్నచో ఏ పద్ధతి మేలో తేలక వాదములే మిగిలియుండెడివి. మన దుకాణములలోను, దవాఖానలలోను తరచుగా ఒక్కటే మీటరుండును. నెల చివర బిల్లు వచ్చును. అందులో ఏసీ ఎంత, దీపములెంత, లిఫ్టు ఎంత అనునది ఎవరికిని తెలియదు. ఇంటిల్లిపాది ఖర్చును ఒక్క పద్దుగ వ్రాసిన గృహస్థు ఎచ్చట మిగుల్చుకొనగలడు? వేరు పద్దులు వ్రాయుటయే భవనపు తెలివికి తొలిమెట్టు.

తెలివి విఫలమగు సందర్భములను కూడ చెప్పవలెను. వాకిలి చెంత బిగించిన సెన్సరు, తలుపు తెరచినపుడెల్ల వడగాలిని చూచి, దుకాణమంతయు వేడెక్కినదని పొరబడును. మన ఎర్రమట్టి దుమ్ము వడపోత జాలీలను మూసివేసినచో ఎంత చక్కని కంప్యూటరైనను చల్లగాలిని రప్పించలేదు. ఏడాదికొకసారియైనను సెన్సర్లను సరిచూడకున్నచో అవి చెప్పు అబద్ధములను యంత్రము నమ్మును. యంత్రము తీరు తెలియని పనివాడు విసిగి, దానిని మనుష్యుల చేతి మీటకు మార్చివేసినచో, లక్షలు పోసి కొన్న తెలివి గోడకు తగిలించిన పటమగును. వైట్‌వాటర్ కళాశాలలో గంట మ్రోగిననాడు దానిని విని లేచు మనిషి ఒకడుండెను. నేడును ఆ మనిషి ఉండవలెను.

చట్టము తన వంతు చేయుచున్నది. 2001 నాటి ఇంధన పొదుపు చట్టమును అనుసరించి కేంద్ర ప్రభుత్వము 2007లో భవనముల ఇంధన పొదుపు నియమావళిని వెలువరించినది. 2017లో దానిని సవరించినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2014లో దానిని తన పరిస్థితులకు అనువుగ మలచుకొన్నది. తెలంగాణ ఆ దారిని కొనసాగించినది. కేంద్ర నియమావళి 100 కిలోవాట్ల లోడు, లేదా 120 కేవీఏ కాంట్రాక్టు డిమాండు గల పెద్ద కట్టడములనుద్దేశించినది. మన పట్టణములలోని దుకాణములలో అనేకములు ఆ హద్దునకు లోబడవు. ఆ హద్దు క్రింద చట్టము చేయలేని పనిని వివేకము చేయవలెను.

అచ్చట ఒక చిక్కు ఎదురగును. మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ వద్దనైనను, నల్లగొండ క్లాక్ టవర్ వద్దనైనను కట్టడము ఒకరిది, వ్యాపారము మరియొకరిది. కప్పునకు తెల్లని పూత వేయించుటకు ఖర్చు యజమానిది. తగ్గిన బిల్లు లాభము కిరాయిదారునిది. అందువలన యజమాని వేయించడు. నేడో రేపో ఖాళీ చేయవలసివచ్చునని కిరాయిదారుడును వేయించడు. ఇరువురి నడుమ ఎండ మాత్రము దిగుచునే యుండును. కిరాయి కాగితము వ్రాసుకొనునాడే ఈ ఖర్చు ఎవరిది, ఎన్నేండ్లలో ఎట్లు సర్దుకొనవలెను అని ఒక పంక్తి చేర్చుకొన్నచో ఈ చిక్కు వీడును.

క్రమమును ఒకసారి చెప్పి ముగించెదను. క్రొత్తగా కట్టువారు పడమటి ముఖమున అద్దమును తగ్గించి, తప్పనిచోట దానికి నీడ కల్పింపవలెను. ఉన్న కట్టడము గలవారు వేసవికి ముందు కప్పునకు తెల్లపూత వేయించి, తలుపుల సందులను మూయింపవలెను. పాత దీపములను ఎల్ఈడీలుగ మార్చినచో రెండు లాభములు. దీపపు ఖర్చు తగ్గును, దాని వేడిని తోడు ఖర్చును తగ్గును. తరువాత ఏసీకి వేరుగ ఒక మీటరు పెట్టించి, మూడు నెలలు నోటు పుస్తకమున అంకెలు వ్రాయవలెను. ఏసీ ఉష్ణోగ్రతను ఒక్క డిగ్రీ పెంచినచో సుమారు 6 శాతము విద్యుత్తు మిగులునని ఇంధన సామర్థ్య సంస్థ చెప్పుచున్నది. 2020 జనవరి నుండి క్రొత్త ఏసీలు 24 డిగ్రీల వద్ద మొదలగునట్లు నిబంధన చేసిరి. సీలింగు పంకా తోడైనచో 26 డిగ్రీలు కూడ హాయిగనే యుండును. ఇవన్నియు చేసిన పిమ్మటనే సెన్సర్ల వంకకు, కంప్యూటరు వంకకు చూడవలెను. అప్పటికి మీ పుస్తకమున అంకెలుండును. అమ్మవచ్చినవాడు చెప్పు లాభము నిజమో కాదో ఆ అంకెలే చెప్పును.

ఈ లెక్కలు చూడగల యువకులు మనకు కావలెను. నల్లగొండలో 2007 నుండి మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయము, మహబూబ్‌నగరమున 2008 నుండి పాలమూరు విశ్వవిద్యాలయము ఉన్నవి. ఐటీఐలు, పాలిటెక్నిక్కులు ఉన్నవి. వేసవి సెలవులలో విద్యార్థులను జట్లుగ చేసి ఒక్కొక్క బజారునకు పంపి, దుకాణముల మీటర్లను, కప్పులను, ఏసీలను పరిశీలింపజేసినచో వారికి విద్యయు, వ్యాపారికి పొదుపును కలుగును. పాలమూరునుండి కూలికై దూరదేశములకు పోయి ఆనకట్టలను, మేడలను కట్టినవారు ఈ సీమ ప్రజలు. కట్టుట వారికి ఎవరును నేర్పనక్కరలేదు. కట్టినదానిని లెక్కతో నడుపు విద్య కూడ వారి బిడ్డలకు అందినచో, ఆ పనికై వారు ఊరు విడువవలసిన అవసరముండదు.